ఎమ్సు తంతి: కూటలేఖయా, సంక్షేపమా?

లేఖ్యమును బరీక్షించు పద్ధతిని మన వ్యవహారశాస్త్రము విస్తరముగ జెప్పినది. వ్రాసినవాని చేవ్రాలు నిజమా, ముద్ర నిజమా, సాక్షులు గలరా, దేశకాలములు సరిపోవుచున్నవా యను ప్రశ్నములకు దగిన సమాధానము దొరకినచో నది శుద్ధలేఖ్యము, దొరకనిచో గూటలేఖ్యము. పదుమూడవ శతాబ్దిని మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరమును రచించిన నాటినుండి వ్యవహారధర్మము తెలుగువారికి స్వభాషలోనే లభ్యమైయున్నది. అయితే చేవ్రాలు నిజమై, ముద్ర నిజమై, కాలము నిజమై, చెప్పిన సంగతులలో నొక్కటియు నబద్ధము కాకయే చదువరిని మోసపుచ్చిన లేఖ యుండునా? ఉన్నచో దానికే పేరు పెట్టవలెను?

ఈ ప్రశ్న నేడు పండితగోష్ఠులలో మాత్రమే నిలుచునది కాదు. ప్రతి మనుజుని చేతి ఫోనునకును దినదినము రాజకీయ సందేశములు వచ్చి పడుచున్నవి. ఒక నాయకుని యుపన్యాసమునుండి కోసిన యర నిమిషపు తునుక. ఒక యుత్తరువులోని యొక్క వాక్యము. ఒక ఛాయాచిత్రములోని యొక మూల. పరీక్షకులు వానిని దీసికొని, మాట యాతడు పలికినదే, చిత్రము కల్పితము కాదు అని తేల్చి సత్యమను ముద్ర వేయుదురు. ఆ ముద్ర పడునప్పటికి లోకము తప్పు త్రోవను జాలదూరము పోయియుండును. ఇట్టి సందేశములను దూచుటకు సత్యాసత్యవిచార మొక్కటియే చాలదనుటకు యూరోపుచరిత్రలో నొక ప్రసిద్ధోదాహరణము గలదు. అది 1870వ సంవత్సరము జూలై 13వ తేదీని ప్రష్యా మంత్రియగు బిస్మార్కు ప్రకటించిన ఎమ్సు తంతివార్త. దీనికి మూలమును, దిద్దిన ప్రతియు రెండును నేడు లభించుచున్నవి. పాఠాంతరములతో బనిగల పండితులకు ఇంతకంటె ననుకూలమగు వస్తువు దొరకుట యరుదు.

కథ స్పెయినులో బుట్టినది. 1868లో నచ్చట విప్లవము కలిగి ఇసబెల్లా రాణి సింహాసనమును గోల్పోయెను. రాజ్యమునకు రాజు గావలసివచ్చెను. మార్షల్ ప్రిం మొదలగువారు వెదకి వెదకి, ప్రష్యా రాజవంశమునకు జ్ఞాతిశాఖయైన హోహెన్‌జొల్లెర్న్-సిగ్మరింగెన్ వంశమునందలి లియొపోల్డు రాకుమారుని గోరిరి. ఈ మంతనములన్నియు రహస్యముగ జరుగుచుండెను. మాడ్రిడునకు జేరిన గూఢలిపి తంతి నొకదానిని విప్పుటలో నొక గుమాస్తా పొరపాటు పడగా, ఎన్నిక జరుగకమునుపే స్పెయిను సభ వాయిదాపడెను; రహస్యము వెల్లడియయ్యెను. ఒక యంకె తప్పుగా జదువబడుటచే రాజ్యములు తలక్రిందులగుట విడ్డూరమే గాని చరిత్రలో నట్టివి లేకపోలేదు. జూలై మొదటి వారమున వార్త పారిసు నగరమునకు దెలిసెను. తూర్పున ప్రష్యా, దక్షిణమున ప్రష్యా జ్ఞాతి యన్నచో ఫ్రాన్సు రెండు కత్తుల నడుమ జిక్కినట్లే యని ఫ్రెంచివారు కలతపడిరి. 6వ తేదీని విదేశాంగమంత్రియగు గ్రామోన్ ప్రభువు శాసనసభలో యుద్ధమునకు వెనుదీయబోమను భావము స్ఫురించునట్లు బహిరంగముగ బ్రసంగించెను. ఈ సంగతి మరువరాదు. రహస్యముగ లేఖలతో దీర్పదగిన వివాదమును సభామధ్యమునకు మొదట దెచ్చినవాడు బిస్మార్కు కాదు.

అప్పుడు ప్రష్యా రాజగు విల్హెల్ము లాన్ నదీతీరమున నున్న ఎమ్సు గ్రామమున ఖనిజజలములను సేవించుచు విశ్రమించుచుండెను. ఆయనకు 73 ఏండ్లు. యుద్ధమన్న మక్కువ లేదు. ఫ్రెంచి రాయబారి బెనెదెత్తి ప్రభువు అచ్చటికే వచ్చి 9వ తేదీనుండి రాజుతో సంప్రదించుచుండెను. 12వ తేదీని లియొపోల్డు తండ్రియగు కార్ల్ ఆంటన్ తన కుమారుని పక్షమున స్పెయిను సింహాసనము వలదని ప్రకటించెను. ఫ్రాన్సు కోరినది లభించెను. అచ్చటితో వ్యవహారము ముగియవలసినది. కాని యా సాయంకాలమే గ్రామోన్ మరియొక యాజ్ఞ పంపెను: ఇక ముందెన్నడును ఈ వంశమువా రట్టి యభ్యర్థిత్వమునకు బూనుకొన్నచో దా నంగీకరింపనని రాజు వాగ్దానము చేయవలెనట. గెలిచిన పందెమునే మరల నొడ్డుట యనగా నిదియే.

13వ తేదీ యుదయమున 9 గంటల 10 నిమిషములకు వనవీథిలో విహరించుచున్న రాజును బెనెదెత్తి కలిసికొని యీ కోరికను విన్నవించెను. రాజు సమ్మతింపలేదు. పగటివేళ కార్ల్ ఆంటన్ లేఖ రాజునకు జేరెను. అంతట రాజు తన యంగరక్షక సేనానియు రాకుమారుడునగు ఆంటన్ రాజివిల్‌ను బెనెదెత్తి కడకు బంపి, రాయబారి కిదివరకే తెలిసిన వార్త తమకును ధ్రువపడినదనియు, ఇక చెప్పదగినదేమియు లేదనియు దెలిపించెను. ఆ దినముననే మరల రాజివిల్ ముఖమున, లియొపోల్డు విరమణమును దామును ఆమోదించితిమని కూడ రాజు తెలియజేసెను. ఇది ఫ్రాన్సునకు గొప్ప లాభము. చిత్రమేమన, ఇప్పుడు విచారింపబోవు రెండు పాఠములలోను ఇది కానరాదు.

రాజు వెంట నున్న విదేశాంగోద్యోగి ఆబెకెన్ నాటి మధ్యాహ్నము మూడు గంటలు దాటిన పిమ్మట ఈ వృత్తాంతమును బెర్లినులోని బిస్మార్కునకు దంతి మూలమున బంపెను. ఈ తంతిలో మొదటి భాగము రాజు స్వయముగ వ్రాసిన మాటలు. బెనెదెత్తి తన్ను విహారవీథిలో నాపి, కడపట మిక్కిలి మొండిగ బీడించి, శాశ్వత వాగ్దానము నడిగెననియు. ఎల్లకాలమునకు నట్లు కట్టుబడుట న్యాయమును గాదు, సాధ్యమును గాదు గావున దాను గొంచెము కఠినముగనే తిరస్కరించితి ననియు. తన కింకను వార్త రాలేదనియు, పారిసు మాడ్రిడుల సంగతి రాయబారికే ముందు దెలిసినందున దన ప్రభుత్వమున కిందు జోక్యము లేదని యాతడే గ్రహింపవచ్చుననియు రాజు వ్రాసెను. రెండవ భాగము ఆబెకెన్ మాటలు: తరువాత లేఖ వచ్చినదనియు, పై కోరికను బట్టియు, తామును అంతరంగిక మంత్రి యాయిలెన్‌బుర్గును ఇచ్చిన సలహాను బట్టియు రాయబారిని మరల జూడక సేనాని ముఖముననే ధ్రువవార్తను దెలుపుటకు రాజు నిశ్చయించెననియు అందు గలదు. ఈ క్రొత్త కోరికను, దాని తిరస్కారమును రాయబారులకును బత్రికలకును దెలుపవచ్చునా యను నిర్ణయమును రాజు మంత్రికే విడిచెనను వాక్యముతో దంతి ముగిసినది.

సాయంకాలము 6 గంటల ప్రాంతమున నిది బిస్మార్కు చేతబడెను. అప్పు డాయనతో సేనాధిపతి మోల్ట్కేయు, యుద్ధమంత్రి రోనును భోజనమునకు గూర్చుండియుండిరి. బిస్మార్కు తంతిని సగమునకు జేరువగ దగ్గించెను. ప్రకటింపబడిన ప్రతి రెండే వాక్యములు. మొదటిదానిలో, రాకుమారుని విరమణమును స్పెయిను ప్రభుత్వము ఫ్రాన్సునకు దెలిపిన పిమ్మట గూడ ఫ్రెంచి రాయబారి ఎమ్సులో రాజును శాశ్వత వాగ్దానము కోరెనని యున్నది. రెండవదానిలో, అంతట రాజు రాయబారిని మరల జూచుటకు నిరాకరించి, తెలుపవలసినది యిక నేమియు లేదని సేనానిచే జెప్పి పంపెనని యున్నది. అంతే. ఆ రాత్రియే యొక బెర్లిను పత్రిక ప్రత్యేక ప్రతిగా దీనిని వీథులలో నుచితముగ బంచిపెట్టెను. పరరాజధానులలోని ప్రష్యా ప్రతినిధులకును అదే రాత్రి తంతులు పోయెను.

పోల్చి చూచినచో నొక వింత కనబడును. మూలములో బెనెదెత్తి ‘మొండిగ’ నడిగెనని యున్నది. రాజు ‘కఠినముగ’ దిరస్కరించెనని యున్నది. ప్రకటితపాఠములో నీ రెండు మాటలును లేవు. పరుషపదమేదియు లేని యీ చిన్న సందేశమే రెండు జాతులను రెచ్చగొట్టినది. ఇంకొక వింత: మూలములో రాజు తన ప్రభుత్వమునకు జోక్యము లేదనుట పూర్తిగ నిజము కాదు. 1870 మార్చి 9వ తేదీని బిస్మార్కే రాజునకు విజ్ఞాపన వ్రాసి లియొపోల్డు అభ్యర్థిత్వమును సమర్థించెను. జర్మను విదేశాంగ శాఖ చిరకాలము దాచియుంచిన యా పత్రములు రెండవ ప్రపంచయుద్ధానంతరము బయటబడి, 1957లో జార్జి బోనిన్ సంపాదకత్వమున వెలువడినవి. కావున వాక్యములను వేర్వేరుగ దూచువాడు మూలములోనే యొక లోపమును గనుగొనును. దిద్దిన ప్రతిలో నేదియు గనుగొనడు. విరమణమును గూర్చిన మొదటి యుపవాక్యము మూలమున లేదనుట నిజమే, కాని యా సంగతి యప్పటికి బహిరంగమైనదే. సత్యమను తక్కెడలో బెట్టిన బిస్మార్కు ప్రతియే బరువు తూగును! తక్కెడ చాలదనుటకు వేరు నిదర్శన మక్కరలేదు.

కూటలేఖ్యమును గూర్చిన పరీక్ష యిచ్చట నిరుపయోగము. మంత్రి ముద్ర నిజము, తేది నిజము, పత్రికకు దెలుపుటకు రాజు సెలవును గలదు. న్యాయశాస్త్రమున జెప్పిన ఛలమును సరిగ నన్వయింపదు. ప్రతివాది మాటకు వాడుద్దేశింపని యర్థమును గల్పించి ఖండించుట ఛలము. ఇచ్చట నెవరి మాటకును అర్థాంతరము గల్పింపబడలేదు. విశాఖదత్తుని ముద్రారాక్షసములో శకటదాసుని చేతనే వ్రాయించి రాక్షసుని యుంగరముతోనే ముద్రించిన లేఖను చాణక్యుడు మలయకేతుని కంటబడునట్లు చేసిన కథ కొంత దగ్గరగ వచ్చును. వ్రాలు నిజము, ముద్ర నిజము. ఎవరు ఎవరికి వ్రాసిరన్నది మాత్రము లేదు. ఆ శూన్యమును మలయకేతుని యనుమానమే పూరించినది. భారతమున ద్రోణుని చెవిబడిన ధర్మరాజు మాట యింకను దగ్గర. అచ్చట నేనుగు పేరు పలుకబడినది గాని వినబడలేదు, ఇచ్చట తీసివేయబడినది.

ఇట్టి సందేశమును నిర్ణయించుటకు మీమాంసకుల పద్ధతి మిక్కిలి యుపయోగించును. వాక్యసముదాయముయొక్క తాత్పర్యమును దెలిసికొనుటకు వారు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి యను లింగములను జెప్పిరి. వేదవాక్యములకై యేర్పడిన కొలత రాజకీయపు తంతికి బట్టించుట కొందరకు దుడుకుగ దోపవచ్చును. కాని తాత్పర్యమెచ్చట గలదో యచ్చట దానిని గనిపెట్టు సాధనమును బనికివచ్చును.

మూలతంతి యుపక్రమము వనవీథిలోని సంభాషణ. ఉపసంహారము, ప్రకటింపవలెనా వలదా యను ప్రశ్న. అనగా నది మంత్రికి జేయబడిన నివేదిక. వ్యవహార మింకను నడుచుచున్నట్లు దాని వాలకము. ప్రకటితపాఠమునకు ఉపక్రమము, ముగిసిన వ్యవహారమును ఫ్రాన్సు మరల దవ్వెననుట. ఉపసంహారము, తలుపు మూయుట. నడుమ నున్న సంగతు లొకటే యైనను రెండు కొనలును మారుటచే నివేదిక తీర్పుగ మారినది. మోల్ట్కే దీనినే సైనికుని భాషలో జెప్పెనని బిస్మార్కు తన జ్ఞాపకములలో వ్రాసెను. మొదట సంధికి బిలుచు భేరివలె నుండినది యిప్పుడు సవాలునకు జవాబిచ్చు కాహళమైనదని యాతని యభిప్రాయము.

అంతకంటె ముఖ్యము ఉపపత్తి. మూలములో రాజు ప్రతి పనికిని గారణము చెప్పెను. వాగ్దానమేల చేయలేదు? శాశ్వతబంధము న్యాయము కాదు గనుక. మరల నేల చూడలేదు? ఎదురుచూచిన లేఖ వచ్చి సంగతి తేలినది గనుక, మంత్రులును అట్లు సలహా యిచ్చిరి గనుక. సేనాని యేల వచ్చెను? ధ్రువవార్తను దెలుపుటకు. దిద్దిన ప్రతిలో నీ కారణములన్నియు లుప్తమైనవి. కారణము లేని క్రియ కంటబడినప్పుడు చదువరి మనస్సు తానే కారణమును గల్పించుకొనును, ఆ కల్పన వాని కోపమునకు దగినట్లుండును. జర్మనుడు, ఫ్రెంచివాడు వృద్ధరాజును వీథిలో నవమానించెననుకొనెను. ఫ్రెంచివాడు, రాజు తమ రాయబారిని వాకిటనుండి గెంటించెననుకొనెను. ఒక్క పాఠము, రెండు పరస్పరవిరుద్ధమైన గాయములు! సాధారణమైన సంక్షేప మెవ్వరికిని ఇట్లు తగులదు. చదివిన ప్రతి పక్షమును దానే దెబ్బతిన్నదని యనుకొనునట్లు సమకూరిన సందేశము కనబడినచో, దాని కోతలను వెదకుట పరీక్షకుని మొదటి పని.

అభ్యాసాపూర్వతలకు రెండు వాక్యములలో దావు లేదు. అర్థవాదము, అనగా నిందాస్తుతులు, దిద్దిన ప్రతిలోనే తక్కువయని పైన జూపబడినది. పరుషోక్తులనే లెక్కించి దుర్బోధను గనిపెట్టుదు మనువారి కిది హెచ్చరిక. ఫలమును జూచినచో, 14వ తేదీని పారిసు వీథులు జనముతో నిండి బెర్లినుపై దండెత్తవలెనను కేకలతో మ్రోగెను. 19వ తేదీని ఫ్రాన్సు యుద్ధమును బ్రకటించెను. ఫలమునుబట్టియే ఉద్దేశమును నిర్ణయించుట తర్కమునకు నిలువదు. వర్షము కురిసినంత మాత్రమున నెవరో యజ్ఞము చేసిరని చెప్పరాదు. అయినను ఫలమునకు ముందు జేసిన యత్నమును జూడవచ్చును. మూలమునందలి సంగతిని రాయబారులకు రహస్యముగ దెలిపి యూరకుండినచో నది సమాచారము. అదే రాత్రి పత్రికలో నచ్చువేయించి, ఎదుటివాడు సరిచూచుకొనక మునుపే రాజధానులన్నిటికి నంపుట వేరు పని.

బిస్మార్కు పక్షమున జెప్పదగిన మాటలు లేకపోలేదు. రాయబారిని జూడకుండుటకు ఆ కోరికయే యొక కారణమని మూలములోను గలదు. ప్రకటించుటకు రాజాజ్ఞయు గలదు. తంతికి మాట యొక్కంటికి రుసుము గావున తంతిభాష మితముగ నుండుట నాటి లోకమునకు అలవాటే. ఈ తుదిమాటను కొంచెము విచారింపవలెను. ఆ యేటి జూనులోనే సముద్రగర్భపు తంతిచే బొంబాయికిని ఇంగ్లాండునకును సంబంధమేర్పడి, దూరదేశపు వార్త గంటలలో నందు కాలము భారతదేశమునకు గూడ వచ్చినది. క్రొత్తసాధనము క్లుప్తతను గోరును. చదువరి క్లుప్తతను సాధనముయొక్క గుణముగ నెంచి, కోసినవాని చేతిని శంకింపడు. నేటి ఫోనుసందేశములకును ఇదియే రక్ష. స్థలము చాలలేదనుట చక్కని సాకు. కావున క్లుప్తత దోషము కాదు. ఏది విడువబడెనను దానియందే దోషమున్నది. మూలము చదివినవాడు ఏ నిశ్చయమునకు వచ్చునో, సంక్షేపము చదివినవాడును దానికే వచ్చినచో నది సంక్షేపము. వేరు నిశ్చయమునకు వచ్చి, ఆ వేరు నిశ్చయము కోసినవానికి ముందే తెలిసియుండినచో, అలంకారికులు వ్యాజస్తుతి యన్నట్లే దానిని వ్యాజసంక్షేపమని పిలువవచ్చును.

ముందే తెలియుననుటకు సాక్ష్యమేమి? బిస్మార్కు స్వీయవాక్యమే యని పలువు రందురు. ఫ్రెంచి వృషభమునకు ఎఱ్ఱగుడ్డవలె నిది పనిచేయునని తా నప్పుడే చెప్పితినని యాయన వ్రాసెను. కాని యా జ్ఞాపకములు వెలువడినది 1898లో, ఆయన మరణానంతరము. అప్పటికి యుద్ధము గెలువబడి, సామ్రాజ్యమేర్పడి, ఆ గెలుపులో దన పాలు హెచ్చించుకొనుట యా గ్రంథకర్తకు లాభము. అమెరికా చరిత్రకారుడు విలియం లాంగర్ ఆ భోజనకథను నాటకరచనగ విమర్శించెను. వృద్ధుని గొప్పలను నేరాంగీకారముగ గైకొనుట గూడ నొక మోసమునకు లోబడుటయే. కావున సాక్ష్యమును రెండు పాఠముల పోలికయందును, ఆ రాత్రి పంపిన తంతులయందునే నిలుపుట క్షేమము. ఆ పాటి సాక్ష్యము చాలియున్నది. ఉపపత్తులన్నియు వరుసగ నొక్కటియు మిగులక జారిపోవుట యాదృచ్ఛికము గానేరదు.

దోషము బెర్లినులో మాత్రమే యున్నదనుటయు నన్యాయమే. ఫ్రెంచివారికి వార్త యింకొక మెట్టు మారి చేరినది. జర్మనుభాషలో ‘అడ్జుటాంట్’ అనగా రాజు పార్శ్వమున నుండు ఉన్నతసేనాని; అనువాదములో మిగిలిన అదే రూపముగల ఫ్రెంచిపదమునకు సామాన్యపు చిన్న సైనికోద్యోగి యని యర్థము. రాకుమారుడగు రాజివిల్ ఫ్రెంచి చదువరుల మనస్సులో హవల్దారుగ మారెను. రాయబారికి హవల్దారుచే వర్తమానమా! అనువాదకులు తత్సమపదముల విషయమున జాగరూకులై యుండవలె ననుటకు నింతకంటె వెలగల పాఠము లేదు.

అయినను ఈ పొరపాటును దిద్దుటకు గ్రామోన్ కడ సాధనముండెను. బెనెదెత్తి ఎమ్సునుండి పంపిన నివేదికలు పారిసునకు జేరినవి. వానిలో నవమానపు మాట లేదు. తరువాత 1871లో బ్రకటించిన తన గ్రంథమునను ఎమ్సులో నవమానించినవాడును లేడు, అవమానింపబడినవాడును లేడని యాయన స్పష్టముగ వ్రాసెను. 15వ తేదీని శాసనసభలో వృద్ధుడగు తియేర్ లేచి, కోరినది లభించిన పిమ్మట మర్యాదాప్రశ్నపై రక్తమును జిందింతురా, ఆ పత్రము లెచ్చట, చూపుడని యడిగెను. సభ యాతనిని గేకలతో నడ్డగించెను. పత్రములను సభముందుంచవలెనను ప్రార్థన వీగిపోయెను. ప్రధానమంత్రి ఒల్లివియే తాను తేలికయైన హృదయముతో నీ భారమును వహించుచున్నానని పలికి యా మాటకై జీవితాంతము నపకీర్తి మోసెను. మూలమును జూపుమని యడిగిన యొక్కని నోరు మూయించుట, సందేశమును నమ్మగోరు సంఘముయొక్క పని. దిద్దినవాడు తన యింట గూర్చుండగ మిగిలిన పనిని బరుగెత్తి పంచువారే చేసిరి.

తరువాతి కథ సుప్రసిద్ధము. సెప్టెంబరు 2వ తేదీని సెడానులో మూడవ నెపోలియను సైన్యముతో గూడ లొంగిపోయెను. 1871 జనవరి 18వ తేదీని వెర్సాయిలోని దర్పణశాలలో జర్మను సామ్రాజ్యము ప్రకటింపబడెను. మే 10వ తేదీని ఫ్రాంకుఫర్టు సంధిచే ఫ్రాన్సు అల్సాసును, లొరెయినులో నొక భాగమును, 500 కోట్ల ఫ్రాంకులను సమర్పించుకొనెను.

మూలము చాలకాలము వెలుగు చూడలేదు. సాంఘికప్రజాస్వామ్యపక్ష నాయకుడగు విల్హెల్ము లీబ్‌క్నెఖ్టు ఇది కూటలేఖయని చాటుచు యుద్ధములెట్లు పుట్టింపబడునో చూపుట కొక గ్రంథము వ్రాసెను. బిస్మార్కు పదవి గోల్పోయిన పిమ్మట 1892 నవంబరులో ఛాన్సలరు కాప్రివి జర్మను శాసనసభలో ఆబెకెన్ తంతిని యథాతథముగ జదివెను. ఆయన యుద్దేశము బిస్మార్కును గాపాడుట: చూడుడు, ఒక్క యబద్ధమును జేర్పబడలేదు, ఇది కూటలేఖ కాదని. ఆ మాట నిజమే. లీబ్‌క్నెఖ్టు వాడిన పేరు తప్పు. అందుచేతనే యాతనికి సమాధానము చెప్పుట సులభమైనది. పేరు తప్పినందున నభియోగము వీగిపోవుట వ్యవహారములో దరచు జరుగునదే. కూటలేఖ కాదని తేలినది గాని, శుద్ధలేఖయని తేలలేదు. ఇరువది రెండేండ్లకు బిదప రెండు పాఠములు ప్రక్కప్రక్కన నిలువగ జర్మను చదువరులకు మొదటిసారిగ రాజు చెప్పిన కారణములు తెలిసినవి.

జూలై 14వ తేదీని, పారిసులో కేకలు చెలరేగుచున్న దినముననే, రాజు ఎమ్సును విడిచి పయనమయ్యెను. బెనెదెత్తి రైలునిలయమునకు బోయి వీడ్కోలు చెప్పెను. రాజు మర్యాదగ మాటలాడెను. వారిరువురును నడచిన వనవీథిలో నేటికిని ఒక చిన్న రాయి గలదు. దానిపై జెక్కబడినది 1870 జూలై 13, ఉదయము 9 గంటల 10 నిమిషములు అని మాత్రమే.